ఈసీఎం చదివి బెంగళూరు వచ్చాక: ఉద్యోగాల వేటలో నా అనుభవం

మా బ్రాంచి పేరు ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్. కాలేజీలో అందరూ ఈసీఎం అంటారు. ఈసీఈ, సీఎస్ఈ వాళ్ళకి ఎక్కడికి వెళ్ళినా పరిచయం అక్కర్లేదు. మేము మాత్రం ఇంటికొచ్చిన చుట్టాల దగ్గర్నుంచి ఇంటర్వ్యూలో కూర్చున్న మేనేజర్ దాకా అందరికీ విడమర్చి చెప్పుకోవాల్సిందే. "అంటే సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా?" అని అడుగుతారు. రెండూ అంటే నమ్మరు. నిజానికి రెండూ చదివాం. డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సిగ్నల్స్, మైక్రోప్రాసెసర్లు ఒకవైపు. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ ఇంకోవైపు. కాకపోతే కమ్యూనికేషన్స్‌లో ఈసీఈ వాళ్ళంత లోతుకి వెళ్ళలేదు, అల్గారిథమ్స్‌లో సీఎస్ఈ వాళ్ళంత లోతుకి వెళ్ళలేదు. ఈ బ్రాంచిలో చేరి మూడో ఏడాదికి వచ్చి, ఇప్పుడెటు పోవాలో తెలియక తల పట్టుకుంటున్న పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

మాది అనంతపురం. నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్. క్యాంపస్‌కి వచ్చినవన్నీ ఐటీ సర్వీస్ కంపెనీలే. ఫ్రెషర్ ప్యాకేజీ మూడున్నర లక్షల చుట్టూ. నాకూ ఒకటి వచ్చింది. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది గానీ జాయినింగ్ డేట్ రాలేదు. 2023లో పాసైన వాళ్ళలో చాలామంది ఇదే పరిస్థితి చూశారు. మెయిల్ పెడితే "త్వరలో తెలియజేస్తాం" అన్న జవాబు తప్ప ఇంకేం ఉండేది కాదు. అక్కా బావా అప్పటికే బెంగళూరులో ఉన్నారు. "ఇంట్లో కూర్చుంటే గ్యాప్ పెరుగుతుంది, ఇక్కడికొచ్చి ఏదో ఒకటి మొదలుపెట్టమ్మా" అన్నాడు బావ. కొన్నాళ్ళు వాళ్ళింట్లో ఉండి, తర్వాత మారతహళ్ళిలో ఒక పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో చేరాను.

ఆ పీజీ నాకు చాలా నేర్పింది. నడిపేవాళ్ళు నెల్లూరు వాళ్ళు. వంట మన వంట, గదిలో నలుగురం, నలుగురూ తెలుగు వాళ్ళమే. కర్నూలు అమ్మాయి ఒక చిప్ డిజైన్ సర్వీస్ కంపెనీలో వెరిఫికేషన్ ఇంజనీరు. విజయనగరం అక్కది ఫిజికల్ డిజైన్‌లో అయిదేళ్ళ అనుభవం. తెనాలి అమ్మాయి జావా ఫుల్‌స్టాక్ కోర్సు చేస్తోంది. కెరీర్ గైడెన్స్ పేరుతో కాలేజీలో విన్న ఉపన్యాసాల కన్నా, వీళ్ళు లాప్‌టాప్ ముందు ఏం చేస్తున్నారో పక్కన కూర్చుని చూడటం వెయ్యి రెట్లు మేలు చేసింది.

వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్ డిజైన్ రంగం, ఒకే ఉద్యోగం అనుకుంటారు చాలామంది. లోపల చాలా పనులున్నాయి. చిప్ ఏం చేయాలో ముందు స్పెసిఫికేషన్ రాస్తారు. దాన్ని వెరిలాగ్, సిస్టమ్‌వెరిలాగ్ లాంటి హార్డ్‌వేర్‌ని వర్ణించే భాషల్లో రాసేవాళ్ళు ఆర్టీఎల్ డిజైనర్లు. రాసింది స్పెసిఫికేషన్ ప్రకారమే నడుస్తోందా అని టెస్ట్‌బెంచ్ కట్టి పరీక్షించేవాళ్ళు డిజైన్ వెరిఫికేషన్ వాళ్ళు, వాడుకలో డీవీ. తయారైన చిప్‌లో లోపముంటే పట్టుకోవడానికి వీలుగా లోపలే ఏర్పాట్లు పెట్టేది డీఎఫ్‌టీ. గేట్లు సిలికాన్ మీద ఎక్కడ కూర్చోవాలి, వాటి మధ్య వైర్లు ఎటు పోవాలి, టైమింగ్ ఎలా సరిపెట్టాలి అన్నది ఫిజికల్ డిజైన్, అంటే పీడీ. అన్నీ ముగించి ఫైళ్ళు ఫ్యాబ్‌కి, అంటే చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీకి పంపడమే టేపౌట్. టేపౌట్ తర్వాత తప్పు బయటపడితే చిప్పు గీతలు అచ్చు వేసే మాస్కులు మళ్ళీ చేయించాలి, ఖర్చు కోట్లలో ఉంటుంది. అందుకే డీవీలో ఎప్పుడూ మనుషులు ఎక్కువ కావాలి, ఫ్రెషర్లకి దొరికే తలుపు కూడా ఎక్కువగా అదే.

విజయనగరం అక్క టేపౌట్ ముందు వారాల్లో రాత్రి ఒంటిగంట దాకా పనిచేసేది. స్క్రీన్ మీద రంగురంగుల గీతలు, పక్కన టైమింగ్ రిపోర్టు. ఒక్కో లైను చూసి "ఈ పాత్‌లో సెటప్ ఇంకా కొన్ని పికోసెకన్లు తేలాలి" అనేది. క్లాక్ కొట్టేలోపు సిగ్నల్ చేరడానికి ఇంకా కాస్త వేగం కావాలని దాని అర్థం. ఒక చోట సరిచేస్తే ఇంకోచోట తెగుతుంది. ఆమెకి అదంటే ప్రాణం. కర్నూలు అమ్మాయి పని ఇంకో రకం. రాత్రి రిగ్రెషన్, అంటే టెస్టులన్నీ ఒకేసారి నడిపించడం, పెట్టి పడుకుంటుంది, పొద్దున లేచి ఏ టెస్టులు ఫెయిలయ్యాయో చూస్తుంది, ఒక్కొక్కటిగా లాగ్, వేవ్‌ఫార్మ్ తెరిచి తప్పు డిజైన్‌దా, టెస్ట్‌బెంచ్‌దా అని తేలుస్తుంది. వాడేది సిస్టమ్‌వెరిలాగ్, దాని మీద టెస్ట్‌బెంచ్‌లు కట్టే యూవీఎం అనే పద్ధతి. చూస్తే అది దాదాపు ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ ప్రోగ్రామింగ్. క్లాసులు, ఇన్‌హెరిటెన్స్, రాండమైజేషన్ అన్నీ ఉంటాయి. ఈ పనికి మా బ్రాంచి వాళ్ళు బాగా పనికొస్తారని నాకు అప్పుడే అనిపించింది. సీఎస్ఈ వాళ్ళకి ఫ్లిప్‌ఫ్లాప్ రాదు, ఈసీఈలో చాలామందికి ప్రోగ్రాములో క్లాస్ అంటే భయం. మనకి రెండూ కొంచెం కొంచెం వచ్చు.

ఇక్కడొక మాట చెప్పాలి. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 76 వేల కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ కార్యక్రమం ప్రకటించింది. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్, ధోలేరాలో టాటా ప్లాంట్ల వార్తలు వచ్చాయి. ఆ వార్తలు చూపించి మా కాలేజీలో "అందరూ వీఎల్‌ఎస్‌ఐ చేయండి" అన్నారు. కానీ ఆ ప్లాంట్లలో ఉండే పని వేరు, బెంగళూరులో ఉన్న పని వేరు. మైక్రాన్‌ది చిప్పుల అసెంబ్లీ, టెస్టింగ్ ప్లాంటు. ధోలేరాది ఫ్యాబ్. అక్కడ ప్రాసెస్, ఎక్విప్‌మెంట్, కెమికల్, మెటీరియల్స్ వాళ్ళకి పని ఎక్కువ. వెరిలాగ్ నేర్చుకున్న వాళ్ళు చేసేది డిజైన్ పని. అది ఈ ఊళ్ళో కొత్తగా మొదలైంది కాదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే ఇక్కడ డిజైన్ సెంటర్ పెట్టింది. ఆ తర్వాత మిగతా పెద్ద కంపెనీలన్నీ వచ్చాయి. కాబట్టి ఫ్యాబ్ వార్త వచ్చిందని పరుగెత్తాల్సిన పని లేదు, ఫ్యాబ్ ఆలస్యమైందని దిగులు పడాల్సిన పనీ లేదు. డిజైన్ ఉద్యోగాల లెక్క వేరు.

తర్వాత ఇన్‌స్టిట్యూట్ల చుట్టూ తిరిగాను. బీటీఎం, మారతహళ్ళి, రాజాజీనగర్, ఎక్కడ చూసినా బోర్డులే. ఫీజు లక్షకి పైనే. కౌన్సెలర్లు మంచిగా మాట్లాడతారు, "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అంటారు. అసిస్టెన్స్ అంటే ఉద్యోగం అని కాదు, ఇంటర్వ్యూ కబురు చెప్పడం. ఆ తేడా ఇంట్లో వాళ్ళకి తెలియదు, అప్పు చేసి కట్టేస్తారు. నేను ప్రతిచోటా అడిగింది ఇవే: సిమ్యులేటర్ లైసెన్సులు ఎన్ని ఉన్నాయి, బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు, గత బ్యాచ్‌లో చేరిన వాళ్ళలో ఒకరిద్దరితో మాట్లాడొచ్చా. ఒకచోట ల్యాబ్ చూపించమంటే తాళం వేసి ఉందన్నారు. ఇంకోచోట చూపించారు గానీ, మెషీన్ల కోసం పిల్లలు వంతులు వేసుకుని కూర్చున్నారు. ఒకచోట మాత్రం పాఠం చెప్పే ఆయన పరిశ్రమలో పనిచేసి వచ్చిన మనిషి, డెమో క్లాసుకి కూర్చోనిచ్చారు, పాత విద్యార్థుల నంబర్లు ఇచ్చారు. అలాంటివీ ఉన్నాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమనే చోట ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు.

తక్కువ ఖర్చులో నమ్మకమైనది కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ ఉంది. వీఎల్‌ఎస్‌ఐలోనూ, ఎంబెడెడ్ సిస్టమ్స్‌లోనూ (పరికరాల లోపలి చిన్న కంప్యూటర్లకి కోడు రాసే పని) 6 నెలల పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమాలు నడుపుతారు. సీ-క్యాట్ అనే పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకోవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులు, ల్యాబులు, చాలా గట్టిగా ఉంటుందని చేసిన వాళ్ళు చెప్పారు. డబ్బుకి ఇబ్బంది పడే ఇళ్ళ పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే.

నేను డబ్బు కట్టే ముందు సొంతంగా చేసి చూడాలనుకున్నాను. వెరిలాగ్‌కి ఈడీఏ ప్లేగ్రౌండ్ అనే సైటులో ఉచితంగా కోడు రాసి సిమ్యులేట్ చేయొచ్చు. కర్నూలు అమ్మాయి చెప్పినట్టు ఒక ఫిఫో (ముందు వచ్చిన డేటా ముందు బయటికి పోయే క్యూ) రాశాను, దానికి టెస్ట్‌బెంచ్ రాశాను. బాగానే ఉంది. ఐఐటీల వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఎల్ పాఠాలు విన్నాను. అవి వినడానికి రూపాయి కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

ఎంబెడెడ్ వైపు కూడా చూద్దామని ఒక శనివారం ఎస్‌పీ రోడ్డుకి వెళ్ళాను. బస్సులో కార్పొరేషన్ దగ్గర దిగి నడిస్తే, ఇరుకు సందుల్లో వరసగా ఎలక్ట్రానిక్స్ దుకాణాలు. రెసిస్టర్ల దగ్గర్నుంచి మోటార్ల దాకా అన్నీ అక్కడ దొరుకుతాయి. ఎలక్ట్రానిక్స్ చదివిన వాళ్ళెవరైనా బెంగళూరు వస్తే మొదట చూడాల్సిన చోటు అది. ఒక ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ బోర్డు, బ్రెడ్‌బోర్డు, 24సీ02 అనే చిన్న ఈఈప్రామ్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) ఐసీ, చవక మల్టీమీటరు, వైర్లు కొన్నాను.

ఐసీకి ఎనిమిది కాళ్ళు. డేటాషీట్ ముందు పెట్టుకుని ఐటూసీ (రెండు వైర్ల మీద చిప్పులు మాట్లాడుకునే పద్ధతి) కనెక్షన్లు ఇచ్చాను. కోడు రాసి ఫ్లాష్ చేశాను. ఎర్రర్. అడ్రస్ సరిచూశాను, క్లాక్ సెట్టింగులు సరిచూశాను, మళ్ళీ ఎర్రర్. కోడు ఎన్నిసార్లు చదివినా తప్పు కనబడలేదు. చివరికి మల్టీమీటర్ తీసి డేటా లైను మీద పెడితే, 3.3 వోల్టులు ఉండాల్సిన చోట దాదాపు సున్నా. అప్పుడు పాఠం గుర్తొచ్చింది. ఐటూసీలో చిప్పులు లైన్‌ని కిందికి లాగగలవు గానీ పైకి నెట్టలేవు. పైకి లేపడానికి పుల్-అప్ రెసిస్టర్లు మనమే పెట్టాలి. రెండు లైన్లకీ 4.7 కిలో ఓమ్‌లవి చెరొకటి పెట్టాను. వెంటనే ఐసీ పలికింది. ఇంకో చిక్కు మిగిలింది. రాసిన వెంటనే చదవబోతే ఐసీ జవాబివ్వదు. డేటాషీట్ చూస్తే, బైటు రాశాక లోపల భద్రపరుచుకోవడానికి దానికి 5 మిల్లీసెకన్ల దాకా పడుతుందని ఉంది. అంతసేపు ఆగి చదివితే నేను రాసిన అక్షరం తిరిగి వచ్చింది. రాత్రి రెండయింది, గదిలో అందరూ పడుకున్నారు, లేపి చూపించాలనిపించింది. వేవ్‌ఫార్మ్‌లో తప్పు దొరికినప్పుడు కూడా సంతోషం వేసింది గానీ ఇంత కాదు. చేతిలో ఉన్న వస్తువు నేను రాసిన కోడుకి కదలడం నాకు కావాల్సిందని ఆ రాత్రి తేలిపోయింది.

ఎటు వెళ్ళాలో బ్రాంచి పేరు చూసో, ప్యాకేజీ చూసో తేల్చుకోకండి. ఆ ఉద్యోగంలో రోజంతా చేసే పనిని, చిన్నదైనా సరే, మీ చేత్తో చేసి చూసి తేల్చుకోండి. పికోసెకన్ల కోసం రాత్రంతా కూర్చోగలవాళ్ళు వేరు, లాగ్ ఫైళ్ళలో దొంగని పట్టే ఓపిక ఉన్నవాళ్ళు వేరు, వెబ్ పేజీ కళ్ళముందు కనబడితే తృప్తి పడేవాళ్ళు వేరు. ఏదీ తక్కువ కాదు.

నాన్నకి మాత్రం ఇవేవీ అర్థమయ్యేవి కాదు. "గవర్నమెంటుది అయితే నాకు నిమ్మళం తల్లీ" అనేవాడు ఫోన్‌లో. ఆయన మాట తీసేయలేదు. బెంగళూరులో ఆ దారులు కూడా ఎక్కువే. ఇస్రో ప్రధాన కార్యాలయం ఇక్కడే, బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) 1954లో పుట్టింది ఇక్కడే, డీఆర్‌డీవో ల్యాబులు సీవీ రామన్ నగర్‌లో ఉన్నాయి. ఇస్రోలో సైంటిస్ట్/ఇంజనీర్ ఎస్‌సీ పోస్టుకి బీటెక్‌లో 65 శాతం లేదా 10కి 6.84 సీజీపీఏ అడుగుతారు. బేసిక్ 56,100. పోటీ విపరీతం. బెల్‌లో పర్మినెంట్ పోస్టు ప్రొబేషనరీ ఇంజనీరు. ట్రెయినీ ఇంజనీరు, ప్రాజెక్ట్ ఇంజనీరు అనేవి కాంట్రాక్టు పోస్టులు. ట్రెయినీకి మొదటి ఏడాది నెలకి 30 వేలు, రెండో ఏడాది 35 వేలు. పర్మినెంట్ కాదని తీసిపారేయకూడదు. రాడార్లు, కమ్యూనికేషన్ పరికరాల మీద నిజమైన పని నేర్చుకుని, ఆ అనుభవంతో ప్రైవేటుకి వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

మన బ్రాంచి పేరు అసలు ఇబ్బంది పెట్టేది ఇక్కడే. ప్రభుత్వ రంగ నోటిఫికేషన్లలో అర్హత ఉన్న బ్రాంచిల పేర్లు విడివిడిగా రాసి ఉంటాయి. ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్, టెలికమ్యూనికేషన్ అని. అందులో మన పేరు అచ్చంగా లేకపోతే అప్లికేషన్ ఫారం దగ్గరే ఆగిపోవచ్చు. కొన్ని చోట్ల తత్సమానమని యూనివర్సిటీ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల అదీ కుదరదు. ఆ కాగితం యూనివర్సిటీ నుంచి తెచ్చుకోవడానికి సమయం పడుతుంది. కాబట్టి ఫైనల్ ఇయర్‌లో ఉండగానే, కాలేజీలో ఉండగానే అడిగి తెచ్చిపెట్టుకోండి. పాసై బయటికొచ్చాక ఊరి నుంచి ఊరికి తిరగడం ఎంత కష్టమో నేను చూశాను.

ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష కూడా రాశాను. 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. మన వాళ్ళు ఈసీ పేపరు రాయొచ్చు, సీఎస్ పేపరూ రాయొచ్చు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. నేను ఈసీ రాశాను. వచ్చిన స్కోరుకి ఐఐఎస్‌సీ, పెద్ద ఐఐటీలు రావు. వేరేచోట ఎంటెక్ సీటు దొరికేది, నెలకి 12,400 స్టైపెండ్ కూడా వచ్చేది. కానీ చెల్లెలి చదువు ముందుంది, ఇంట్లో ఇంకో రెండేళ్ళు ఆగే పరిస్థితి లేదు. మంచి సంస్థలో వీఎల్‌ఎస్‌ఐ ఎంటెక్ చేసినవాళ్ళకి క్యాంపస్‌లోనే పెద్ద కంపెనీలు వస్తాయన్నది నిజం. ఇంట్లో వీలుంటే ఆ రెండేళ్ళు వృథా కావు. విదేశాల్లో ఎంఎస్, ఎంబీఏ గురించి నేను ఆలోచించలేదు, ఆ దారి తెలిసినవాళ్ళే చెప్పాలి.

ఇంటర్వ్యూల విషయానికి వస్తే, ఫ్రెషర్లకి అసలు కష్టం ఇంటర్వ్యూ దాకా వెళ్ళడమే. పోర్టల్‌లో అప్లై చేసినవాటికి జవాబులు దాదాపు రావు. నాకు వచ్చిన పిలుపులన్నీ రెఫరల్ మీద వచ్చినవే. కాలేజీ సీనియర్లకి, పీజీలో వాళ్ళ టీమ్ లీడ్లకి రెజ్యూమె పంపించడానికి మొదట్లో మొహమాటం ఉండేది. విజయనగరం అక్క "అడిగితే పోయేదేముంది, మేమూ అలా వచ్చినవాళ్ళమే" అంది.

ఒక చిప్ డిజైన్ సర్వీస్ కంపెనీలో డీవీకి పిలిచారు. సెటప్ టైమ్, హోల్డ్ టైమ్, బ్లాకింగ్ నాన్-బ్లాకింగ్ తేడా, 1011 సీక్వెన్స్ డిటెక్టర్ అడిగారు. తర్వాత ఒక లెక్క ఇచ్చారు. 100 మెగాహెర్ట్జ్‌లో వరసగా 120 వర్డులు రాస్తున్నారు, 50 మెగాహెర్ట్జ్‌లో చదువుతున్నారు, ఫిఫో లోతు ఎంత ఉండాలి? రాయడం పూర్తయ్యేసరికి సగం చదివేస్తారు కాబట్టి 60. చెప్పాను. టెక్నికల్ అంతా బాగానే జరిగింది. హెచ్ఆర్ రౌండులో మాత్రం మూడేళ్ళ బాండు, మధ్యలో మానేస్తే పెద్ద మొత్తం కట్టాలి, సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర ఉంచాలి అన్నారు. అక్కడ చేరలేదు. చదువుకుని వచ్చిన పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడం చాలా అన్యాయమైన పద్ధతి. అవసరం ఉందని తెలిసే అలా అడుగుతారు.

ఎంబెడెడ్ ఇంటర్వ్యూ ఎలక్ట్రానిక్ సిటీలో, వాహనాల ఎలక్ట్రానిక్స్ చేసే ఒక మధ్యస్థాయి కంపెనీలో జరిగింది. టేబుల్ అవతల ఇద్దరు. బోర్డు మీద ఒక చిన్న కోడు రాశారు. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఒక ఫ్లాగ్ మారుతుంది, మెయిన్‌లో ఆ ఫ్లాగ్ కోసం లూపు తిరుగుతూ ఉంటుంది. "మామూలుగా కంపైల్ చేస్తే నడుస్తోంది, ఆప్టిమైజేషన్ పెడితే లూపు దాటి రావట్లేదు, ఎందుకు?" అన్నారు. కంపైలర్ ఆ విలువని ఒక్కసారే రిజిస్టర్‌లోకి తీసుకుని మళ్ళీ మెమరీ చూడట్లేదు, ఆ ఫ్లాగ్‌కి వోలటైల్ అన్న మాట పెట్టి ప్రతిసారీ మెమరీ చూసేలా చేయాలి అన్నాను. అంతటితో వదల్లేదు. "అదే ఎనిమిది బిట్ల కంట్రోలర్‌లో ముప్పైరెండు బిట్ల కౌంటర్ అయితే వోలటైల్ చాలా?" అన్నారు. చాలదు. ఒక్కో బైటు విడిగా చదువుతుంది కాబట్టి మధ్యలో ఇంటరప్ట్ వస్తే సగం పాత విలువ, సగం కొత్త విలువ వస్తుంది, చదివేంతసేపు ఇంటరప్ట్‌లు ఆపాలి అని చెప్పాను. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో చదివిన క్రిటికల్ సెక్షనూ, మైక్రోప్రాసెసర్స్‌లో చదివిన ఎనిమిది బిట్ల బస్సూ ఒకే జవాబులో కలిశాయి. బ్రాంచి గురించి వాళ్ళు అడగనే లేదు. ప్రాజెక్టు చెప్పమంటే ఈఈప్రామ్ కథ చెప్పాను, పుల్-అప్ విలువ ఎందుకు 4.7 తీసుకున్నావు, వంద కిలో ఓమ్‌లు పెడితే ఏమవుతుంది అని దాని మీదే చాలాసేపు మాట్లాడారు. కాలేజీలో అందరం కలిసి కొనుక్కొచ్చి పెట్టిన మేజర్ ప్రాజెక్టు గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

అక్కడే ట్రెయినీగా చేరాను. మొదట స్టైపెండ్, తర్వాత జీతం. ఐటీ ఆఫర్‌లో ఉన్నదానికంటే మొదట కొంచెం తక్కువే. ఆ జాయినింగ్ మెయిల్ కూడా చివరికి వచ్చింది, అప్పటికి నేను వెళ్ళదలుచుకోలేదు. నాన్నకి నచ్చజెప్పింది బావే.

పని ఎలా ఉంటుందో చెప్తాను. కారులో చాలా కంట్రోలర్లు ఉంటాయి, అవి ఒకదానితో ఒకటి క్యాన్ అనే రెండు వైర్ల లైను మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో తెచ్చిన పద్ధతి అది. కొత్త బోర్డు వచ్చినప్పుడు మెసేజ్‌లు రాకపోతే, కోడు తెరిచే ముందు పవర్ తీసి ఆ రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ చూడమని మా లీడ్ నేర్పారు. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి కాబట్టి మీటర్ 60 చూపించాలి. 120 చూపిస్తే ఒక చివర లేదని అర్థం. ఒకటిన్నర రోజు కోడులో వెతికే తప్పు ఒక నిమిషంలో దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాళ్ళు మీటర్ ముట్టుకోరు, హార్డ్‌వేర్ వాళ్ళు కోడు తెరవరు. రెండింటికీ భయపడని మనిషికి ఈ పనిలో విలువ ఉంది.

కష్టాలూ ఉన్నాయి. కస్టమర్‌కి శాంపిల్ ఇవ్వాల్సిన వారాల్లో శని, ఆదివారాలు ఉండవు. డాక్యుమెంట్లు, రివ్యూలు, సేఫ్టీ ప్రమాణాలు, కార్ల సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన ఆటోసార్ కాన్ఫిగరేషన్లు, వీటితోనే సగం రోజు పోతుంది. కోడు రాసేది తక్కువే. ల్యాబ్‌లోనే పని కాబట్టి ఇంటి నుంచి చేయడం కుదరదు. ఎదుగుదల డీవీ వాళ్ళంత వేగంగా కనబడదు. రెండేళ్ళ అనుభవానికి కర్నూలు అమ్మాయికి వచ్చిన హైక్ నాకు రాలేదు. ఇవి తెలిసే రావాలి.

తెనాలి అమ్మాయి ఈఈఈ చదివి జావా నేర్చుకుంది. చాలా ఇంటర్వ్యూలు పోయాక ఒక బ్యాంకింగ్ ప్రాజెక్టులో చేరింది, సంతోషంగా ఉంది. మా క్లాసులో ఒకబ్బాయి ఊళ్ళోనే సోలార్ ఇన్వర్టర్ల సర్వీసింగ్ పెట్టుకున్నాడు. ఇంకో అమ్మాయి సచివాలయం ఉద్యోగానికి చదువుతోంది. ఒకరి దారి ఇంకొకరికి సరిపోదు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు, ఈసీఎం మూడో ఏడాది, "అక్కా, నేను వీఎల్‌ఎస్‌ఐ చేయాలా, ఎంబెడెడ్ చేయాలా, లేకపోతే డేటా సైన్స్ చేయాలా?" అన్నాడు. ఏదీ ఇప్పుడే చెప్పలేను అన్నాను. సీ లాంగ్వేజి బాగా రావాలి, పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు కాగితం మీద రాసి చూపించగలగాలి. డిజిటల్‌లో ఫ్లిప్‌ఫ్లాప్‌లు, స్టేట్ మెషీన్లు చూడకుండా గీయగలగాలి. ఈ రెండూ ఏ దారికైనా కావాలి. బ్యాక్‌లాగులు ఉంచుకోవద్దు, సీజీపీఏ ఏడు కిందికి పోనివ్వద్దు, చాలా చోట్ల మొదటి వడపోత అక్కడే. ఈ వేసవి సెలవుల్లో నెల రోజులు నా దగ్గరికి రమ్మన్నాను. రెండు వారాలు ఈడీఏ ప్లేగ్రౌండ్‌లో ఒక చిన్న డిజైన్, దానికి టెస్ట్‌బెంచ్. రెండు వారాలు నా పాత బోర్డు మీద ఒక సెన్సార్. మధ్యలో ఒక ఆదివారం విజయనగరం అక్కతో మాట్లాడిస్తాను. పిన్ని టికెట్ తీసేసింది. వచ్చే ముందు యూనివర్సిటీలో ఆ తత్సమాన సర్టిఫికెట్‌కి అప్లికేషన్ పెట్టి రమ్మని వాడికి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాలి.